రెండు పాదరసాలు, ఒక రబ్బరు తొడుగు

మన సంఘ సభ్యులలో ఆసుపత్రి మెట్లు ఎక్కనివారు అరుదు. అక్కడ డాక్టరుగారి చేతికి రబ్బరు తొడుగు లేకపోతే ఈ రోజుల్లో మనమే అడుగుతాము. అయితే అది ఆపరేషను గదికి చేరింది రోగి కోసమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒక నర్సు చేతులు కాపాడటానికి వచ్చింది.

అమెరికాలోని బాల్టిమోరు నగరంలో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి 1889లో ప్రారంభమైంది. అక్కడి సర్జన్ విలియం హాల్‌స్టెడ్. ఆపరేషనుకు ముందు మెర్క్యురిక్ క్లోరైడ్ అనే పాదరస లవణం కలిపిన నీటిలో చేతులు శుద్ధి చేసుకోవడం ఆనాటి పద్ధతి. క్రిములతో పాటు చర్మాన్నీ అది వదలదు. ఆపరేషను గది చూసుకునే నర్సు కారొలైన్ హాంప్టన్‌కు చేతులు, ముంజేతులు పొక్కిపోయాయి. హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీకి చెప్పి పలుచటి తొడుగులు రెండు జతలు చేయించారు. 1890లో ఆమెను వివాహమాడారు కూడా. రోగికి దీనివల్ల ఎంత మేలో తర్వాత గాని తేలలేదు. ఆయన శిష్యుడు జోసెఫ్ బ్లడ్‌గుడ్ 1899లో లెక్క తీస్తే, హెర్నియా ఆపరేషనులలో చీము పట్టడం నూటికి 17 నుండి 2 లోపుకు దిగింది.

ఇంత పేరు వచ్చాక, తొడుగు ఉంటే చాలు చేయి భద్రమే అన్న నమ్మకం లోకమంతా పాతుకుపోయింది. నా సర్వీసులో చూసిన స్టోర్సు ఇండెంట్లు అందుకు సాక్ష్యం. ‘చేతి తొడుగులు, రబ్బరువి, 12 జతలు’ అని రాసి ఉండేది. ఏ రసాయనం ముట్టుకోవడానికి అన్న గడి ఫారంలోనే లేదు! అప్పట్లో రికార్డు గదులలో పురుగు పట్టకుండా గమాక్సిన్ పొడి చల్లే అటెండర్లకు ఆ జతలైనా అందేవి కావు, అది వేరే సంగతి. ఆ పొడిలోని బి.హెచ్.సి.ని మన దేశంలో 1997లో నిషేధించారు.

మరో పాదరసం ఆ నమ్మకాన్ని పోగొట్టింది. 1996 ఆగస్టు 14న, అమెరికాలోనే డార్ట్‌మత్ కళాశాల రసాయన శాస్త్ర ప్రొఫెసర్ కారెన్ వెటర్‌హాన్ డైమిథైల్ మెర్క్యురీ అనే ద్రవంతో పని చేస్తున్నారు. ఆవిరి లాగేసే గూడులోనే, చేతికి లేటెక్సు తొడుగు వేసుకునే చేశారు. తొడుగు మీద ఒకటి రెండు చుక్కలు పడ్డాయి. నెలలపాటు ఏమీ తెలియలేదు. 1997 జనవరి నాటికి నడక తూలింది, మాట తడబడింది. రక్త పరీక్షలో పాదరసం, విషమని భావించే హద్దుకు 20 రెట్లు! జూన్ 8న, 48 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. తర్వాత పరీక్షించి చూస్తే, ఆ ద్రవం అటువంటి తొడుగును దాటడానికి 15 సెకండ్లు కూడా పట్టలేదు.

తొడుగుకు చిల్లు పడలేదు. పలుచటి రబ్బరులో అణువుల సందుల్లోంచి కొన్ని ద్రవాలు మెల్లగా ఇంకిపోతాయి, కంటికి ఏమీ కనపడదు. కిరోసిను, పెట్రోలు మామూలు రబ్బరును ఉబ్బించి పాడు చేస్తాయి, నైట్రైల్ రకం వాటిని బాగా తట్టుకుంటుంది. అదే నైట్రైల్, గోళ్ళ రంగు తుడిచే అసిటోనుకు ఎంతోసేపు నిలవదు. అక్కడ బ్యూటైల్ రబ్బరు కావాలి. వెటర్‌హాన్ మరణం తర్వాత ఆ ద్రవానికి లోపల పొరలు పొరలుగా చేసిన ప్లాస్టిక్ తొడుగు, దానిపై మందపాటి మరో తొడుగు వేసుకోవాలని నిర్ణయించారు. అసలు ఆ ద్రవం వాడకమే తగ్గించుకోమన్నారు. నా ఉద్దేశంలో ఈ రెండో సలహాయే గొప్పది.

రకం ఎంచాలంటే ముందు రసాయనం పేరు తెలియాలి గదా. 1984 భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో మన ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాద వివరాలు కార్మికులకు తెలపడం యాజమాన్యం విధి అని చేర్చారు.

ఇళ్ళలోనూ ఇదే లెక్క. బాత్‌రూము యాసిడ్‌కు పొడుగాటి రబ్బరు తొడుగు చాలు, కంటికి అద్దాలు కూడా ఉంటే మంచిది. కాని ఆ యాసిడ్‌లో బ్లీచింగు పౌడరు కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కరోనా నాటి మాస్కు బీరువాలో ఉంది గదా అని అది కట్టుకుంటే లాభం లేదు. ఆ మాస్కు ఆపేది ధూళిని, తుంపరను. వాయువు దానిగుండా నేరుగా లోపలికి పోతుంది.