తిరిగి వచ్చినవారి మాట: నెల్లూరు తీరంలో మిషనరీల స్వదేశాగమనం, సన్మానం

విదేశంలో ఏళ్ల తరబడి సేవ చేసి ఇల్లు చేరిన మిషనరీని మన సంఘాలు సన్మానించే తీరు దాదాపు అంతటా ఒక్కటే. వేదిక మీద కుర్చీలు, పూలదండ, శాలువా, బంగారు రంగు అంచున్న ఫ్రేములో సన్మాన పత్రం. పాస్టరుగారు ప్రార్థన చేస్తారు, పెద్దలు వరుసగా మాట్లాడతారు, స్త్రీల సమాజం వారు పాట పాడతారు. చివర్లో, బయట భోజనాలకు ఆకులు వేస్తుండగా, వచ్చినవారిని ‘రెండు మాటలు’ చెప్పమంటారు. ఇందులో ప్రేమ లేదని ఎవరూ అనలేరు. అయితే క్రైస్తవ సంప్రదాయంలో ఈ గౌరవానికి తొలి రూపం వేరు. పౌలు, బర్నబా మొదటి యాత్ర ముగించుకుని, తమను పంపిన అంతియొకయకు తిరిగి వచ్చి, సంఘాన్ని సమకూర్చి, జరిగినదంతా వివరించారని అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయం చెబుతుంది. వెళ్లినవారు చెప్పారు, పంపినవారు విన్నారు. నెల్లూరు తీరపు క్రైస్తవ చరిత్రను ఈ వైపు నుంచి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. తిరిగి వెళ్లినవారి మాట విన్నందువల్లే ఇక్కడ ఒక మిషను బతికిందని, ఆ వినికిడి లోపించినచోట మనకు దక్కవలసింది దక్కలేదని నా వాదన.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో భారతదేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఆరోగ్యం చెడి, ఆ దశాబ్దం నడుమ స్వదేశానికి వెళ్లవలసి వచ్చింది. అప్పటికి విశ్వాసుల సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టేటంత. 1848లో అమెరికాలోని ట్రాయ్‌లో కూడిన మిషను పెద్దల ముందు తెలుగు మిషనును మూసెయ్యాలా అన్న ప్రశ్న నిలిచింది. జబ్బుపడి వచ్చిన డే తన తెలుగువారి కోసం వాదించారు. మూయలేదు సరికదా, డేకు తోడుగా లైమన్ జ్యూయెట్ దంపతులను కూడా పంపారు.

1853లో ఆల్బనీ సభలో అదే ప్రశ్న మళ్లీ లేచింది. ప్రపంచ పటం మీద తెలుగు దేశంలో ఒంటరిగా కనిపించిన చుక్కను ఒకరు ‘లోన్ స్టార్’ అన్నారు. ఆ రాత్రే శామ్యూల్ స్మిత్ దాని మీద గీతం రాశారు. ఆ ఘట్టాన్ని మన బాప్టిస్టు సంఘాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నా దృష్టిలో అంతకంటె కీలకమైనది 1862. ఆ ఏడు ప్రావిడెన్స్ సభలో మూసివేత ప్రస్తావన మూడోసారి వచ్చింది. జ్యూయెట్ అనారోగ్యంతో ఇంటిదారిలో ఉన్నారు. ఆయన వచ్చి చెప్పేదాకా నిర్ణయం ఆపమని మిషను కార్యదర్శి పట్టుబట్టారు. జ్యూయెట్ వచ్చారు. మిషను సాయం చేసినా చెయ్యకపోయినా ఒంటరిగానైనా తిరిగి వెళతానని, తెలుగువారి మధ్యే బతికి అక్కడే చనిపోతానని చెప్పారు. అలాగైతే పాతిపెట్టడానికైనా తోడు ఒకరిని పంపాలి కదా అని కార్యదర్శి అన్నారట. ఆ తోడుగా వచ్చిన యువకుడే జాన్ క్లౌ. 1865లో నెల్లూరు చేరి, మరుసటి ఏడు ఒంగోలు వెళ్లారు. తర్వాత వచ్చిన ధాత కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్న మాదిగ కుటుంబాలకు పని చూపారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. డే 1871లోనే అమెరికాలో కన్నుమూశారు, ఆ రోజు చూడలేదు.

ఈ వరుసలో దండలు, పత్రాలు ఏమైనా ఉన్నాయేమో గాని, చరిత్రను మలిచింది అవి కావు. ఒక కార్యదర్శి ‘వచ్చిన మనిషి నోటివెంట విందాం’ అని ఆగడం మలిచింది. అయితే ఆ వినికిడిలోనూ ఒక వెలితి ఉంది. 1854 కొత్త సంవత్సరం తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద జ్యూయెట్ దంపతులతో కలిసి ప్రార్థించిన వారిలో జూలియా అనే తెలుగు స్త్రీ కూడా ఉంది. ప్రావిడెన్స్‌లో చెప్పినది జ్యూయెట్. జూలియాలాంటి వారి మాట ఆ సభకు చేరాలంటే ఆయన నోటివెంటే చేరాలి.

ఇక సూళ్లూరుపేట. కాళంగి ఒడ్డున, పులికాట్‌కు దగ్గరగా ఉన్న ఈ ఊరు బాప్టిస్టులది కాదు, లూథరన్ల క్షేత్రం. జర్మనీలోని హెర్మన్స్‌బుర్గ్ మిషను తరఫున ఆగస్ట్ మీలియుస్ 1860లలో ఈ ప్రాంతంలో పని మొదలుపెట్టారు. సూళ్లూరుపేట, గూడూరు, వెంకటగిరి, వాకాడు ఆ మిషను కేంద్రాలయ్యాయి. అర్ధ శతాబ్దం గడిచాక 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. బ్రిటిషు ప్రభుత్వం దృష్టిలో ఈ దొరలు ఒక్కసారిగా శత్రు దేశస్థులయ్యారు. దేశంలోని జర్మన్ మిషనరీలలో ఎందరినో అహ్మద్‌నగర్ శిబిరంలో నిర్బంధించారు. 1915–16లో ‘గోల్కొండ’ అనే ఓడలో చాలామందిని కుటుంబాలతో సహా యూరప్ పంపించేశారు. తెలుగు పేరున్న ఓడ, అందులో తెలుగు నేర్చి, తెలుగులో ప్రసంగించి, తమవారిని ఈ నేలలో పాతిపెట్టుకున్న మనుషులు. అలాంటి ప్రయాణానికి వీడ్కోలు సభ ఎక్కడిది? వారు దిగిన దేశం యుద్ధంలో మునిగి ఉంది. క్షేత్రం అమెరికాలోని ఒహైయో లూథరన్ సినడ్ చేతికి వచ్చింది, తర్వాత దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘంగా ఎదిగింది. సంఘం నిలిచింది గాని, సాగనంపవలసిన వారిని సాగనంపలేకపోయింది. మన మిషను చరిత్రల్లో ఈ బాధకు తగినంత చోటు దొరకలేదని నాకు అనిపిస్తుంది.

ఇంతవరకు చూసినవారంతా ఇక్కడికి వచ్చి వెళ్లినవారు. ఇక్కడి నుంచి వెళ్లినవారి సంగతి సన్మానాల చర్చలో మరీ అరుదు. 1860 నుంచి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు 1,52,000 మందికి పైగా భారతీయ కూలీలు ఒప్పందం మీద వెళ్లారు. ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారే, వారిలో తెలుగువారు చాలామంది. చెరకు, తేయాకు తోటల్లో ఉన్న తమవారికి కాపరి కావాలని, తెలుగు బాప్టిస్టు సంఘాల హోం మిషను సొసైటీ 1903లో నెల్లూరు మిషనులో ఎదిగిన ఉపాధ్యాయుడు జాన్ రంగయ్యను నాటాల్ పంపింది. ఖర్చు పెట్టుకున్నది పేద తెలుగు సంఘాలు. దొరల మిషను పుట్టి డెబ్బై ఏళ్లు నిండకముందే, దాని బిడ్డలు సముద్రం దాటించి మిషనరీని పంపగలిగారు. ఆ డిసెంబరులోనే కియర్స్‌నీలో తెలుగు బాప్టిస్టు సంఘం వెలిసింది. అదే నాటాల్‌లో హెర్మన్స్‌బుర్గ్ మిషను 1854 నుంచి జూలూల మధ్య పనిచేస్తూ వచ్చింది. సూళ్లూరుపేటకు మిషనరీలను పంపిన జర్మన్ పల్లె, నెల్లూరు నుంచి మిషనరీని పంపిన తెలుగు సంఘాలు, రెండూ ఆఫ్రికాలో ఒకే నేల మీదికి చేరాయి. రంగయ్య 1915లో మరణించారు. ఆయన నాటిన సంఘాలు నాటాల్‌లో నిలిచాయి.

రంగయ్య పేరు దక్షిణాఫ్రికా తెలుగు బాప్టిస్టులకు బాగా తెలుసు. నెల్లూరు ప్రాంతపు విశ్వాసుల్లో ఎందరు గుర్తుపడతారంటే నాకు నమ్మకం చాలదు. జ్యూయెట్, క్లౌల పేర్లు మన బడులకు, చర్చిలకు పెట్టుకున్నాం. తమ చిల్లర కానుకలతో పంపిన సొంత మనిషికి ఆ వరుసలో చోటు కల్పించకపోవడం సంఘానికి లోటు.

అందుకే రెండు సూచనలు. తిరిగివచ్చిన మిషనరీ ఎవరైనా, సన్మాన సభకు ముందో వెనుకో ఒక సాయంత్రం పూర్తిగా వారికే ఇవ్వాలి. అక్కడి భాష, తిండి, జబ్బు, ఓటమి, పిల్లల చదువు అన్నీ చెప్పనివ్వాలి, సంఘం ప్రశ్నలు అడగాలి, సంఘ కార్యదర్శి రాసుకోవాలి. వారి వెంట వెళ్లిన భార్యనో భర్తనో కూడా విడిగా వినాలి. రెండోది సూళ్లూరుపేట లూథరన్ల కోసం: హెర్మన్స్‌బుర్గ్‌కు మిషనరీలు రాసిన ఉత్తరాలలో తమ ఊరికి సంబంధించినవి వెతికించి, తెలుగు చేయించి, ఆదివారం ఆరాధన తర్వాత సంఘంలో చదివించవచ్చు.