ముత్యాలసరం: నడక, మాట

గురజాడ యతిప్రాసల సంకెళ్లు తెంచాడని ఇరవై ఏళ్లుగా బళ్లో చెబుతున్నాను. పిల్లలు పరీక్షల్లో అదే రాస్తారు, మార్కులు పడతాయి. ఒకనాడు ఒక కుర్రవాడు లేచి, "తెంచి ఏం చేశాడు మాస్టారూ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అభ్యుదయ విమర్శ కూడా ఈ ప్రశ్నను దాటవేసిందనే అనుకుంటాను. వస్తువును మనం తీసుకుని ఛందస్సును పండితులకు వదిలేశాం.

"ముత్యాల సరములు" 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చింది. హేలీ తోకచుక్క కనిపించిన ఏడాది అది. ఆ తోకచుక్క గురించీ, సహపంక్తి భోజనాల మీద ఊళ్లో లేచిన గొడవ గురించీ భార్యాభర్తల మధ్య సాగిన మాటలే అందులో వస్తువు.

పాదానికి మూడు, నాలుగు, మళ్లీ మూడు, నాలుగు: మొత్తం 14 మాత్రలు. ఇలాంటి పాదాలు మూడు. నాలుగోది కురచ కావచ్చు. ఈ నడక గురజాడ పుట్టించింది కాదు. వృషభగతి రగడలో ఉన్నదే. రగడ పాదానికి 28 మాత్రలు, అంటే ఇక్కడి రెండు పాదాలు. అయితే రగడలో ప్రాసా, అంత్యప్రాసా పాదాలను జంటకట్టి మూసేస్తాయి. వర్ణనకూ స్తోత్రానికీ అది అందమే. వాదనకు మాత్రం అడ్డం. సంభాషణలో వాక్యం పాదం చివర ఆగకుండా ముందుకు పోవాలి. ప్రాస నియమం లేదు కనుకనే ఇక్కడ పోగలిగింది. కురచ పాదం దగ్గర గొంతు ఆగుతుంది, ఎదుటి మనిషికి మాట్లాడే సందు దొరుకుతుంది.

అలాగని శబ్దాన్ని ఆయన పారేయలేదు. తన ముత్యాల సరాల గురించి చెప్పుకునే చరణంలో నాలుగు పాదాలూ కవర్గాక్షరాలతోనే మొదలవుతాయి. నియమానికి లొంగి కాదు, ఇష్టపడి వాడుకున్నాడు.

"పూర్ణమ్మ" నడక వేరు. నాలుగేసి మాత్రల చతురస్రగతి, ఆడవాళ్లు పాడుకునే పాటల తూగు. ముసలివాడికి కట్టబెట్టిన పిల్ల చావును ఆ తూగు గొంతు పెంచకుండా చెబుతుంది. అందుకే ఆ దుఃఖానికి అంత బరువు. ఒకే కవి వాదనకు ఒక నడకా, శోకానికి మరో నడకా ఎంచుకున్నాడు. ఇది వదిలేసి సంస్కరణాభిలాష ఒక్కటే చెబితే, కవితకూ ఉపన్యాసానికీ తేడా చెప్పనట్టే.

ఇప్పుడు క్లాసులో ముందు చప్పట్లు కొట్టిస్తాను: తకిట తకధిమి, తకిట తకధిమి. మాత్రల లెక్క ఆ తరువాతే. ఆ కుర్రవాడికి నా జవాబు ఇది: సంకెళ్లు తెంచి, ఇద్దరు మనుషులు పద్యంలో మాట్లాడుకోవడానికి చోటు చేశాడు. వచన కవిత రాసే మిత్రులను కూడా రేపు ఎవరైనా అడుగుతారు, పాదం ఇక్కడే ఎందుకు విరిచారని. అప్పుడు మన దగ్గర జవాబు ఉండాలి.