చోటా హాథీకి దక్కని సబ్సిడీ

ఎలక్ట్రిక్ బండి కొంటే సర్కార్ పైసలిస్తదట గదా, ట్రాలీ కొందామా అని ఊర్లల్ల మస్తుమంది పిలగాండ్లు అడుగుతున్నరు. ఇస్తది, నిజమే. కానీ ఏ బండికి ఇస్తది, ఏ బండికి ఇయ్యదు అన్నకాడనే కత మొత్తం ఉన్నది. మూడు చక్రాల ట్రాలీకి ఇచ్చిండ్రు. పెద్ద లారీకి పెట్టిండ్రు. నడిమిట్ల ఉన్నది, మనోళ్లు ఎక్కువ నడిపేది నాలుగు చక్రాల చిన్న ట్రాలీ. దానికి మాత్రం ఈ స్కీంల రూపాయి రాదు.

స్కీం పేరు పీఎం ఈ-డ్రైవ్. 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లకు వచ్చింది. మొత్తం 10,900 కోట్లు. స్కూటర్లు, బస్సులు, అంబులెన్సులు, ఛార్జింగ్ స్టేషన్లు అన్నీ ఇందులనే. లారీల వాటా 500 కోట్లు, అంటే వందకు ఐదు రూపాయలు సుత నిండలే.

లారీల రూల్స్ 2025 జూలైల వచ్చినయ్. బరువుకాడనే మెలిక ఉన్నది. బండి, సరుకు కలిపి మొత్తం బరువును జీవీడబ్ల్యూ అంటరు. అది 3.5 టన్నుల లోపు ఉంటే ఆ బండి ఎన్1 రకం. 3.5 దాటి 12 టన్నుల దాకా ఎన్2, ఆపైన ఎన్3. సబ్సిడీ ఎన్2, ఎన్3లకే. సైజును బట్టి 2.7 లక్షల నుంచి 9.6 లక్షల దాకా ధర తగ్గుతది. దేశం మొత్తంల 5,600 లారీల దాకా ఇస్తమన్నరు, అందుల 1,100 ఢిల్లీకే.

ఊకెనే ఇయ్యరు. పాత లారీని సర్కార్ గుర్తింపు ఉన్న సెంటర్ల తుక్కు చేసినట్టు సర్టిఫికెట్ చూపియ్యాలె. బ్యాటరీకి 5 ఏండ్లు లేదా 5 లక్షల కిలోమీటర్ల వారంటీ కంపెనీ ఇయ్యాలె. ఇంకో ముచ్చట, పైసలు మన అకౌంట్ల పడయ్. షోరూంలనే ధర తగ్గించి బిల్లు ఇస్తరు, కంపెనీ తర్వాత కేంద్రం కాడ వసూల్ చేసుకుంటది. గందుకే "సబ్సిడీ ఇప్పిస్త, ముందుగాల పదివేలు కొట్టు" అని ఫోన్ చేసేటోన్ని నమ్మకు తమ్మీ.

ఎల్5 అనే మూడు చక్రాల బండ్లకు మొదటి ఏడాది బ్యాటరీ కిలోవాట్ అవర్‌కు 5,000 లెక్కన 50 వేల దాకా ఇచ్చిండ్రు. రెండో ఏడాది అది సగమైంది. గడువు 2026 మార్చి 31 దాకనే పెట్టిండ్రు. లారీలకు మాత్రం 2028 మార్చి దాకా పొడిగించిండ్రు.

సర్కార్ చెప్పే కారణం తీసిపారేసేది కాదు. దేశంల బండ్లన్నిట్ల డీజిల్ లారీలు 3 శాతమే, కానీ రవాణా నుంచి వచ్చే కాలుష్య వాయువుల్ల 42 శాతం వాటివే అని కేంద్రం లెక్క. సరే. అయితే ఆ లారీలు కొనేదెవరు? సిమెంటు, స్టీలు కంపెనీలు, పోర్టులు. సర్కారీ స్టీలు కంపెనీ సెయిల్ ఒక్కటే 150 ఎలక్ట్రిక్ లారీలు తీసుకుంటమన్నది. గసుంటోళ్లకు బ్యాంకు ఎదురొచ్చి లోన్ ఇస్తది.

ఇగ మన ట్రాలీ ముచ్చట. టాటా ఏస్ 2005ల వచ్చినప్పటి సంది ఊరి పిలగాండ్లకు అదే సొంత కొలువు. 2025 జూన్‌ల వచ్చిన ఏస్ ప్రో పెట్రోల్ ధర 3.99 లక్షలు, కరెంటుది 6.5 లక్షలు. ఫరక్ రెండున్నర లక్షలు. పైనుంచి 2025 సెప్టెంబర్ 22న సరుకు బండ్ల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కరెంటు బండికి ముందటి 5 శాతమే ఉన్నది. అంటే ఫరక్ ఇంకింత పెరిగింది.

జెర లెక్క ఏద్దాం. చేవెళ్ల దిక్కు నుంచి బోయిన్‌పల్లి మార్కెట్‌కు కూరగాయలు ఏసుకపోయేటోడు దినాం వంద కిలోమీటర్లు తిరుగుతడనుకో. పెట్రోల్ బండి లీటర్‌కు 20 ఇచ్చి, లీటర్ 105 ఉంటే దినాం 525 ఖర్చు. కరెంటు బండికి 15 యూనిట్లు, యూనిట్ 10 చొప్పున 150. నెలకు 25 దినాలు నడిస్తే 9,375 మిగులుతది. 27 నెలల్ల రెండున్నర లక్షలు ఎల్లిపోతయ్. మంచిగనే ఉన్నది.

కానీ ఊరికి, మండలానికి నడుమ 40 కిలోమీటర్లే తిరిగేటోనికి నెలకు మిగిలేది 3,750. వానికి ఐదున్నర ఏండ్లు పడుతది, అదీ లోన్ మిత్తి లెక్క కట్టకుండ. మూడు చక్రాల బండికి మొదటి ఏడాది ఇచ్చిన రేటే ఈ 14.4 కిలోవాట్ అవర్ బ్యాటరీకి పెడితే 72 వేలు అయితది. అప్పుడు నాలుగేండ్లల్ల తేలుతడు. అసలు సబ్సిడీ అక్కరున్నది తక్కువ తిరిగే ఈ చిన్నోనికే, లిస్టుల లేనిది సుత వాడే.

బ్రిటన్ల 2012లనే వ్యాన్లకు గ్రాంట్ మొదలుపెట్టిండ్రు, పెద్ద లారీలను తర్వాత కలిపిండ్రు. మనకాడ ఉల్టా. ఎన్1ను కలపనీకి పార్లమెంటుల చట్టం చేసుడు అక్కర్లే, స్కీం నోటిఫికేషన్ మారిస్తే సాలు. మన ఎంపీలను అడగాల్సింది గిదే.

అప్పటిదాకా తెలంగాణల దొరికేది ఒక్కటి ఉన్నది. 2024 నవంబర్ల వచ్చిన రాష్ట్ర ఈవీ పాలసీ ప్రకారం మూడు చక్రాలయి కలిపి చిన్న కరెంటు సరుకు బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూరా మాఫీ. 2026 డిసెంబర్ 31 లోపు ఇక్కడ రిజిస్ట్రేషన్ అయిన బండ్లకే ఇది. షోరూంల కొటేషన్ తీసుకున్నప్పుడు ఆ రెండు గడులల్ల సున్నా ఉన్నదా లేదా చూసినంకనే అడ్వాన్స్ కట్టు.