గ్రాఫిక్స్ కార్డునకు చాలినంత విద్యుత్తు

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ తన మొదటి పర్సనల్ కంప్యూటరును విడుదల చేసెను. దాని పవర్ సప్లయి శక్తి 63.5 వాట్లు. ఆనాటి ఇండ్లలో వెలుగుచుండిన 60 వాట్ల ఫిలమెంటు బల్బునకు కావలసినదానికంటె ఇది కొంచెమే ఎక్కువ.

ఈ 63.5 అను సంఖ్య ఎట్లు వచ్చినదో చూడవలెను. గోడ ప్లగ్గు నుండి వచ్చు ఏకాంతర విద్యుత్తును పవర్ సప్లయి తక్కువ వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి, వేర్వేరు శాఖలుగా పంపును. ఆ యంత్రములో 5 వోల్టుల శాఖ 7 ఆంపియర్లు, 12 వోల్టుల శాఖ 2 ఆంపియర్లు, రుణ 5 వోల్టుల శాఖ 0.3, రుణ 12 వోల్టుల శాఖ 0.25 ఆంపియర్లు ఇయ్యగలిగెడివి. వోల్టులను ఆంపియర్లతో గుణించినచో వరుసగా 35, 24, 1.5, 3 వాట్లు వచ్చును. కూడగా 63.5. ఇందులో సగమునకు పైగా 5 వోల్టులదే. ఏలయన ఆనాటి చిప్పులు చాలవరకు ఆ వోల్టేజితోనే పనిచేసెడివి. 12 వోల్టుల శాఖ ముఖ్యముగా డిస్కులను త్రిప్పు మోటార్లకొరకు. తెరపై అక్షరములు చూపు కార్డు మాత్రము మదర్‌బోర్డు స్లాటులో దొరకిన కొద్దిపాటి విద్యుత్తుతోనే తృప్తిపడెడిది.

బొమ్మల ఆటలు ఈ స్థితిని మార్చినవి. లోతుగల దృశ్యమును తెరపై కదలించుటకు సెకనుకు లక్షలకొలది త్రిభుజములను లెక్కకట్టవలెను. 2000లో వచ్చిన వూడూ5 5500 కార్డునకు స్లాటు ఇచ్చు విద్యుత్తు చాలక, డిస్కులకు ఉద్దేశించిన తీగెను దానికి తగిలించవలసివచ్చెను. దాని తరువాత తలపెట్టిన వూడూ5 6000 కొరకు కంప్యూటరు వెలుపల వేరొక పవర్ సప్లయినే ఏర్పరచిరి! ఆ కార్డు అంగళ్లకు రానేలేదు. 2004లో ఎన్విడియా సంస్థ జీఫోర్స్ 6800 అల్ట్రా కార్డునకు 480 వాట్ల పవర్ సప్లయి ఉండవలెనని సూచించెను.

ఈలోగా 12 వోల్టుల శాఖకు ప్రాధాన్యము వచ్చెను. కారణము సులభము. 150 వాట్లను 5 వోల్టుల వద్ద పంపుటకు 30 ఆంపియర్లు కావలెను. 12 వోల్టుల వద్ద 12.5 చాలును. తీగెలో పుట్టు వేడి విద్యుత్ప్రవాహపు వర్గమును అనుసరించును గనుక, అదే తీగెలో అది 5.76 రెట్లు తగ్గును. 12 వోల్టులను చిప్పునకు తగిన సుమారు ఒక వోల్టునకు దించు పని కార్డుపైననే జరుగును. పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ ప్రమాణముల ప్రకారము స్లాటు నుండి 75 వాట్లు, 6 పిన్నుల కనెక్టరు నుండి 75 వాట్లు, 8 పిన్నుల దాని నుండి 150 వాట్లు తీసికొనవచ్చును.

కావున డబ్బాపై పెద్ద అక్షరములతో అచ్చువేసిన వాట్ల మొత్తమును నమ్మి కార్డు కొనుట తగదు. చెరువు నిండియున్నను తూము సన్నదైనచో మడికి నీరు చాలదు గదా! కార్డునకు 200, ప్రాసెసరునకు 125, తక్కినవాటికి 50 వాట్లు అనుకొన్నచో మొత్తము 375. ఇది దాదాపు అంతయు 12 వోల్టులదే. అనగా సుమారు 31 ఆంపియర్లు. పాత పవర్ సప్లయి లేబులుపై 400 వాట్లని ఉండి, 12 వోల్టుల గడిలో 15 ఆంపియర్లు మాత్రమే ఉన్నచో, ఆ శాఖ ఇయ్యగలది 180 వాట్లే. అట్టి యంత్రములో కార్డు పని హెచ్చినంతనే రక్షణవలయము విద్యుత్తును ఆపివేయును. విద్యార్థి దాచుకొనని పని అంతయు పోవును. చౌకరకపు వానిలో ఆ రక్షణవలయమే సరిగా లేకున్నచో కలుగు నష్టము ఇంకను పెద్దది.

సగటు లెక్క సరిపోయినను చిక్కు తీరదు. కార్డు తీసికొను విద్యుత్తు నిలకడగా ఉండక, క్షణములో అనేక మారులు ఎగసి పడును. అందుచేతనే 2022లో ఇంటెల్ ప్రకటించిన ఏ.టి.ఎక్స్. 3.0 ప్రమాణము, పెద్ద పవర్ సప్లయిలు సెకనులో పదివేలవ వంతు కాలము తమ శక్తికి రెట్టింపు భారమును ఓర్చుకొనవలెనని నిర్ణయించెను.

అదే ఏడు 450 వాట్ల ఆర్.టి.ఎక్స్. 4090 కార్డు, 600 వాట్ల క్రొత్త కనెక్టరుతో వచ్చెను. పాత 8 పిన్నుల కనెక్టరులో 150 వాట్లు, అనగా 12.5 ఆంపియర్లు, మూడు పిన్నులలో పంచుకొనగా ఒక్కొక్కదానికి 4.2 ఆంపియర్లు పడెడివి. క్రొత్తదానిలో 50 ఆంపియర్లు ఆరు పిన్నులకు; ఒక్కొక్కదానికి 8.3. పిన్నులు చూడబోయిన ఇంకను చిన్నవి. ఆ అక్టోబరు నుండి కొన్ని కనెక్టర్లు కరగిపోయినట్లు వార్తలు వచ్చినవి. కనెక్టరు పూర్తిగా లోనికి దిగకున్నచో స్పర్శ తగ్గి, నిరోధము పెరిగి, అచ్చటనే వేడి పుట్టుట ఒక ముఖ్యకారణమని తేలెను. 2023లో సవరించిన నమూనాలో విద్యుత్తును మోయు పిన్నులను కొంచెము పొడవుచేసి, ప్రక్కనున్న సంకేతపు పిన్నులను పొట్టిచేసిరి. కనెక్టరు చివరివరకు దిగినగాని ఈ పొట్టిపిన్నులు తగులవు; అవి తగులనిదే కార్డు పని ప్రారంభింపదు.