బావి దగ్గర పెళ్లిచూపులు

మేముండే బేగంపేట పేరు వెనక ఒక పెళ్లి ఉంది. నిజాం ఇంటి ఆడపడుచు బషీరున్నిసా బేగం పైగా వంశపు అమీరుగారిని పెళ్లాడినప్పుడు ఈ ఊరు ఆమెకి కట్నంగా వచ్చిందని చెబుతారు. పిల్లతో పాటు ఊరికి ఊరే కదిలిందన్నమాట!

నేను చెప్పబోయే పెళ్లిలో వ్యవహారం తలకిందులు. బంగారం తెచ్చింది మగపెళ్లివారు.

సాలార్‌జంగ్ మ్యూజియం చూసినవాళ్లకి మేలిముసుగు రెబెక్కా గుర్తుండే ఉంటుంది. బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కిన ఆ పాలరాతి బొమ్మని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము వెళ్లినప్పుడు కొన్నారు. "రాయా ఇది, బట్టా!" అని నోరు తెరుచుకుని వచ్చేస్తాం గాని, ఆ పిల్ల ఎవరో, ముసుగెందుకు వేసుకుందో అడగం.

కథ బైబిల్లో, ఆదికాండంలో ఉంది. తెలుగు బైబిల్లో ఆమె రిబ్కా. ముసలి అబ్రాహాము తన కొడుకు ఇస్సాకుకి పిల్లని చూడమని నమ్మకమైన నౌకరుని పది ఒంటెలతో తనవాళ్ల ఊరికి పంపాడు. సాయంత్రం వేళ, ఊరి బయట బావి. తను దాహమడిగితే, "మీ ఒంటెలకీ తోడిపోస్తాను" అన్న పిల్లే కోడలని అతగాడు మనసులో అనుకున్నాడు. రిబ్కా తోడిపోసింది. పది ఒంటెలకండీ! దప్పికతో ఉన్న ఒంటె ఒక్కొక్కటి బిందెలకి బిందెలు లాగించేస్తుంది. పాట పాడమనే మన పెళ్లిచూపులే నయం.

ఈ ఘట్టాన్నే 1648లో నికొలా పుస్సేన్ తైలవర్ణాల్లో వేశాడు. రోములో స్థిరపడిన ఫ్రెంచివాడు. ఆ బొమ్మ ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. బరోక్ కాలపు చిత్రమంటే చీకటి వెలుగుల ఆర్భాటం గుర్తొస్తుంది. ఈయన మాత్రం నిదానం మనిషి. నౌకరు నగలు అందిస్తున్నాడు, రిబ్కా సిగ్గుపడుతోంది, చుట్టూ డజను మంది ఆడవాళ్లు. రకరకాల అందగత్తెలు ఉండాలని పాయింతెల్ అనే పారిస్ వర్తకుడు అడిగి మరీ వేయించుకున్నాడు. ఒకావిడ రిబ్కా వంకే చూస్తూ నీళ్లు ఒలకబోసేస్తోంది. ఇంకొకావిడ బిందెమీద ఆనుకుని ఓర్వలేని చూపు చూస్తోంది. వీధి కొళాయి దగ్గర నిలబడ్డవాళ్లెవరికీ ఈ చూపులు కొత్త కావు.

ఇరవయ్యేళ్ల తర్వాత, 1668లో, పారిస్ అకాడమీలో దీని మీద పెద్ద తగువు. "ఒంటెలేవీ?" అన్నాడు షాంపేన్ అనే చిత్రకారుడు. అలాంటి వింత జంతువులుంటే చూపు చెదురుతుందని తీసేశాడని ల బ్రన్ వెనకేసుకొచ్చాడు. నన్నడిగితే షాంపేన్ మాటే న్యాయం. ఒంటెలతో పాటు రిబ్కా చాకిరీ కూడా బొమ్మలోంచి ఎగిరిపోయింది. మిగిలిందేమిటి? అందం, నగలు. చక్కగా ఉంది కనక ఎంచుకున్నారనిపిస్తుంది చూసేవాళ్లకి.

ఇంకొకటి కూడా ఆ బొమ్మలో లేదు. మర్నాడు ప్రయాణానికి నౌకరు తొందరపెడితే, పుట్టింటివాళ్లు పిల్లని పిలిచి, ఈ మనిషితో వెళ్తావా అని అడిగారు. వెళ్తానంది. అంత పాతకాలపు కథలో పిల్లని అడగడం చూసి నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఆలోచించాను.

ఆ తర్వాతే మన సాలార్‌జంగ్ ముసుగు. దారి చివర పొలంలో ఎవరో ఎదురు రావడం చూసి ఒంటె దిగింది. ఎవరని అడిగింది. ఇస్సాకేనని తెలిశాక ముసుగు తీసి తనే కప్పుకుంది.