రాస్ ఇల్లు, మాత గుడి

విశాఖ పాతపట్నంలో, పోర్టులోకి ఓడలు వచ్చే దారి పక్కన, వరసగా మూడు చిన్న కొండలుంటాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా, ఇంకోదాని మీద మేరీమాత చర్చి. మతసామరస్యం అనగానే మనవాళ్లు చూపించే ఫొటో ఇదే. ఆ ఫొటోతో నాకో పేచీ ఉంది. అందులో మూడూ ఎప్పటినుంచో అలాగే ఉన్నట్టు కనిపిస్తాయి. చర్చి సంగతి అలా కాదు. అది మొదట ఒక దొర ఇల్లు.

1864లో రాస్ అనే ఆయన ఆ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. ఆ తర్వాత ఆ ఇల్లే ప్రార్థనాలయం అయింది. ఇల్లు పోయినా పేరు పోలేదు, కాగితాల మీద అది ఇప్పటికీ రాస్ హిల్లే. ఒక్క ఇల్లు కట్టినందుకు కొండంత పేరు!

అప్పటికి ఊళ్లో క్యాథలిక్ మిషన్ పాతదే. ఆల్ప్స్ కొండల కింద ఉన్న అన్సీ పట్నం నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ ఫాదర్లు 1846లోనే విశాఖ చేరారు. మనం వాళ్లని ఫ్రెంచివాళ్లు అనేస్తాం గానీ, అన్సీ ఉన్న సవాయ్ ప్రాంతం ఫ్రాన్సులో కలిసింది 1860లో. 1849లో అక్కడినుంచే సెయింట్ జోసెఫ్ సిస్టర్లూ తెలుగు తీరానికి వచ్చారు. 1854 డిసెంబర్ 8న పోప్ తొమ్మిదో పయస్, మరియ జన్మపాపం అంటకుండా తల్లి కడుపున పడిందన్నది విశ్వాస సత్యమని ప్రకటించాడు. కొండ మీద పండగ కూడా డిసెంబర్ 8నే.

ఇవాళ ఓడలు మాత కాళ్ల దగ్గరనుంచే వెళ్తున్నట్టుంటుంది కాబట్టి, పోర్టు కోసమే ఆమెని అక్కడ నిలబెట్టారేమో అనిపిస్తుంది. కానీ రాస్ ఇల్లు కట్టిన రోజుల్లో కింద పోర్టు ఎక్కడిది? మేఘాద్రి గెడ్డ వచ్చి కలిసే ఉప్పుటేరు, బురద, మడచెట్లు. ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరేసేవి, సరుకంతా పడవల మీద ఒడ్డుకి చేరాలి. ఆ బురదని తవ్వి పోర్టు చేశాక, 1933 అక్టోబర్ 7న ‘జలదుర్గ’ లోపలికొచ్చింది. డిసెంబర్ 19న వైస్రాయ్ విల్లింగ్డన్ లాంఛనంగా పోర్టుని ప్రారంభించాడు. అంటే కొండ పండగ అయిన పదకొండు రోజులకి. పోర్టే మాత దగ్గరికి వచ్చిందన్నమాట.

జనం మాత్రం రాస్‌ని ఎప్పుడో వదిలేశారు. వాళ్లకది కొండగుడి. చర్చిని గుడి అనడం తెలుగు క్యాథలిక్కులకి కొత్తేం కాదు, కాబట్టి ఇందులో సామరస్యం కోసం ఎవరూ పనిగట్టుకుని పెట్టిన పేరేం లేదు. డిసెంబర్ 8న మెట్లెక్కే వేలమందిలో క్రైస్తవులు కానివాళ్లూ ఉంటారు. వాళ్లలో ఎవర్నడిగినా కొండగుడికి వెళ్తున్నామంటారు.