ఉద్రి ఖాతా నుంచి రివార్డ్ కార్డు దాకా

1953లో తుంగభద్ర నీళ్లు వదిలాక మన ఆంధ్రావాళ్లు రాయచూరు జిల్లాకి వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. మనం అరువు అనేదాన్ని ఇక్కడ ‘ఉద్రి’ అంటారు. దలాలి అంగడిలో ఉద్రి తెస్తే గడువు పంట దాకా. పంట మాత్రం ఆ అంగడికే తోలాలి. 1998లో మొదలైన కిసాన్ క్రెడిట్ కార్డు కూడా పంట లెక్క చూసే అప్పిచ్చింది.

ఇప్పుడు అరకేర లాంటి ఊళ్లలో ఎరువుల అంగడివాళ్లు రివార్డ్ కార్డులు చూస్తున్నారు. వీటి గడువు 45, 50 రోజులే. పత్తి ఏరేది ఆర్నెల్లకి. నూటికి రూపాయి చొప్పున లక్షకి వెయ్యి వస్తుంది. బాకీ నిలిస్తే నెలకి మూడున్నర శాతం వడ్డీ, అంటే 3,500 పోతుంది.

అందుకే మేం చెప్పేదొకటే: రొక్కానికి అమ్ముడుపోయే సరుక్కే కార్డు గీకండి. ఉద్రికిచ్చే ఎరువుకి పంట గడువున్న అప్పే మేలు.